గేటు వైపు తిరిగిన మనిషి

మా బావ పోయాడు. మంగళవారం పొద్దున్న టీ తాగి, గ్లాసు మంచం కింద పెట్టి, అలాగే పక్కకి వాలాడట. మా మేనకోడలు ఫోన్ చేసి "మావయ్యా, నాన్న లేవట్లేదు" అంది. పోయాడనలేదు. నేను సీతమ్మధార నుంచి ఆటోలో పోర్టు పక్క పాతబస్తీ చేరేసరికి ఆ మాట వేరేవాళ్ళు అనేశారు.

మర్నాడు పేపర్లో వేశారు. "కార్మికోద్యమ దిగ్గజం అస్తమయం" అని. దిగ్గజమట. మా బావ నా భుజం దాకా వస్తాడు. నలభై ఏళ్ళు చెప్పులు అరిగేలా నడిచాడు తప్ప ఎక్కడా ఏనుగులా తిరగలేదు. వారం తిరక్కుండా సంతాప సభ పెట్టారు. ఫ్లెక్సీ మీద బావ బొమ్మ చిన్నది, దాని చుట్టూ దండం పెడుతున్న నాయకుల బొమ్మలు పెద్దవి. ఒకాయన మైకు పుచ్చుకుని "ఆయన ముఖంలో చిరునవ్వు ఎప్పుడూ చెదిరేది కాదు" అన్నాడు. మొదటి వరసలో కూర్చున్న నాకు లేచి అడగాలనిపించింది: బాబూ, ఆ ముఖం నువ్వెప్పుడు చూశావు? కార్ఖానా మూసిన తరవాత ఈ ఇరవై ఏళ్ళ పైచిలుకులో ఒక్కసారైనా ఆయన గుమ్మం తొక్కావా? మా మేనకోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది కాబట్టి ఊరుకున్నాను. అక్కడ అననిది ఇక్కడ రాస్తున్నాను.

పోర్టు వెనకాల ఓడలకి తాళ్ళు పేనే కార్ఖానా ఒకటి ఉండేది. లావుపాటి లంగరు తాళ్ళు, పడవల తాళ్ళు, వలల అంచుకి కట్టే సన్న తాళ్ళు. బావ అక్కడ తాళ్ళ షెడ్డులో పనివాడు, తరవాత యూనియన్ సెక్రటరీ. నేను అదే కార్ఖానాలో హాజరు పట్టీలు రాసే టైమాఫీసు గుమాస్తాని. ఆయన మా అక్క మొగుడు. కార్ఖానాలో మూడు షిఫ్టుల వాళ్ళూ ఆయన్ని బావా అనే పిలిచేవారు. వరస నిజమైంది నాకొక్కడికే. అయినా అందరికన్నా తక్కువ మాట్లాడుకున్నది మేమిద్దరమే.

ఆయనకి ఒక అలవాటు ఉండేది. తాడు ఏదైనా సరే, తెంపేవాడు కాదు. మిఠాయి పొట్లానికి కట్టిన దారమైనా సరే. ఇంటికి పొట్లం తెస్తే పిల్లలు చుట్టూ మూగి గోలపెడుతుంటే, తాను నింపాదిగా ముడి విప్పి, దారాన్ని వేలికి చుట్టి, జేబులో వేసుకుని, అప్పుడు పొట్లం తెరిచేవాడు. మా అక్క "ఈ ముడి ఇప్పేలోపు గుంటలు పెద్దోళ్ళయిపోతారు" అనేది. ఇంకొకటి, కోపం వచ్చిన మనిషి ఎవరు ఎదురుపడినా ముందు అన్నం తినమనేవాడు. "తిన్నాక కూడా ఉన్నాదంటే అప్పుడది నిజం కోపం. అప్పుడు మాట్లాడదాం," అనేవాడు. ఆ మాటకి సగం తగాదాలు మా అక్క వంటింట్లోనే తీరిపోయేవి. ఉద్యమం ఆయనది, వడ్డన ఆవిడది. ఉద్యమాల చరిత్రలు నేను చాలా చదివాను. వడ్డించినవాళ్ళ గురించి ఎక్కడా ఒక్క పేరా దొరకలేదు.

అసలు సంగతి గేటు మీటింగులు. లోకంలో నాయకుడన్నవాడు జనం వైపు తిరిగి మాట్లాడతాడు. మా బావ గేటు వైపు తిరిగి మాట్లాడేవాడు. షిఫ్టు మారేటప్పుడు జనమంతా రోడ్డు మీద నిలబడితే, తను అందరికీ ముందు, వాళ్ళకి వీపు పెట్టి, గేటు ఊచలకి ఎదురుగా నిలబడేవాడు. లోపల కుడిచేతి వైపు మేనేజరు గది, ఎడమచేతి వైపు మా టైమాఫీసు. ఎందుకిలా అని ఎవరో అడిగితే, "మన కష్టం మనకి తెలుసు కదేటి. తెల్నోడు అటున్నాడు," అన్నాడు. ఆయనకి ముందున్న సెక్రటరీ జనం వైపు తిరిగి ఏడిపించేవాడు, చప్పట్లు కొట్టించుకునేవాడు, తరవాత పక్క తలుపులోంచి మేనేజరు గదిలోకి పోయి టీ తాగేవాడు. అది చూసి చూసి బావ ఈ పద్ధతి పెట్టాడు. జనానికి అది నచ్చింది. మీటింగంటే సెక్రటరీ వీపు వెనకాల నిలబడడం అని అలవాటయిపోయింది.

అందువల్ల ఆయన ముఖం ఎలా ఉండేదో మేనేజరుకి, నాకు మాత్రమే తెలుసు. మేనేజరేమో కిటికీ కర్టెన్ వేసుకునేవాడు కాబట్టి, నిజానికి నాకొక్కడికే. చిరునవ్వు లేదు, గిరునవ్వు లేదు. భయం. పెదాలు ఎండిపోయి, నాలుకతో తడుపుకుంటూ, గొంతు మాత్రం గట్టిగా. అంత భయపడుతున్న ముఖంలోంచి అంత పెద్ద గొంతు రావడం నేను మరెక్కడా చూడలేదు.

చివరి మీటింగు రోజు కంపెనీ నోటీసు అంటించింది. కొత్త షరతులు ఒప్పుకుంటే లోపలికి రండి, లేదంటే తాళం. బావ ఆ కాగితం పీకి గాల్లో పైకెత్తి, "సింపీమంటారా? సెయ్యెత్తండి!" అని గేటు వైపే చూస్తూ అరిచాడు. వెనకనుంచి హోరు లేచింది. సముద్రం మీదకొచ్చినట్టే వచ్చింది. ఆయన లెక్క ఎప్పుడూ చెవితోనే. కాగితం చింపేశాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. అరిచినవాళ్ళు ముందు వరసల వాళ్ళు. వెనకాల సగానికి సగం మంది చేతులు కిందే ఉన్నాయి.

ఆ సాయంత్రమే వాళ్ళింటి అరుగు మీద చెప్పాను. "బావా, వెనక వరసలు చెయ్యెత్తలేదు. ఇంకా ఆలస్యం కాలేదు, రేపు మళ్ళీ అడుగు," అన్నాను.

"నువ్వు ఆపీసు కిటికీలోంచి సూసినోడివి. నీకలాగే కనిపిస్తాది," అన్నాడు.

"కళ్ళతో చూశాను బావా."

"గుమాస్తా కళ్ళు అవి."

మర్నాడు తాళం పడింది. ఆ తాళం మళ్ళీ తీసింది ఇరవై ఏళ్ళు దాటాక, ఎవరో పెట్టిన బొమ్మల పండగ కోసమే. మధ్యలో ఆ రోడ్డు మీద ఎంతమంది బతుకులు ఎటెటు పోయాయో నేను రాయబోను. మా అక్క టిఫిన్లు వేసి ఇల్లు నడిపింది. బావ పాతబస్తీలో తాళ్ళమ్మే సాయిబు గారి కొట్లో కూర్చున్నాడు. ఒకప్పుడు వెనకాల నడిచినవాళ్ళు ఆ కొట్టు ముందునుంచి పోవలసి వస్తే వీధికి ఆ వైపు దాటేవారు. ఆయన చూడనట్టు ఏదో ఒక ముడి విప్పుతూ ఉండేవాడు. మేమిద్దరం పండక్కీ పబ్బానికీ కలిసేవాళ్ళం, అన్నం తినేవాళ్ళం. ఆ అరుగు మీది మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. మా అక్క పోయిన రోజు కూడా ఎత్తలేదు.

పోయిన చలికాలం ఆ పాడుబడ్డ కార్ఖానాలో గోడల నిండా బొమ్మలు వేసే పండగ పెట్టారు. ఎక్కడెక్కడి నుంచో చిత్రకారులు దిగారు. క్రేన్లు, రోలర్లు, బక్కెట్ల కొద్దీ రంగులు. నడిపించేవాడు ఒక కుర్రాడు. వెనక్కి ముడేసిన జుట్టు, మెడలో పూసలు. అందరూ క్యూరేటర్ అనేవారు. ఇక్కడ పనిచేసిన పాతవాళ్ళు నలుగురుంటే సందర్శకులకి "అనుభూతి" అని మమ్మల్ని కూడా పనిలో పెట్టుకున్నాడు. బావకీ నాకూ పసుపుపచ్చ టీషర్టులు ఇచ్చారు. వాటి మీద "నన్ను అడగండి" అని రాసి ఉంది. బావ దాన్ని లుంగీ మీద వేసుకుని తిరిగేవాడు. మొదటి రోజు సాయంత్రం నాతో అన్నాడు:

"పొద్దున్నించి జనం ఒకటే అడుగుతన్నారు బామ్మర్దీ."

"ఏమిటి, సమ్మె గురించా?"

"బాత్రూం ఎటేపని."

నాకు గోడల పక్కన పెట్టే బోర్డులకి తెలుగు రాసే పని. తాళ్ళ షెడ్డు దగ్గర పెట్టడానికి నేను ఒక పేజీ రాసిచ్చాను. ఎవరు పనిచేశారు, ఎలా పేనేవారు, తాళం వేసిన రోజు ఏం జరిగింది, అన్నీ. తీరా బోర్డు వచ్చాక చూస్తే "తాడులా అల్లుకున్న జ్ఞాపకాలు" అని ఒకే ఒక ముక్క ఉంది. ఇదేమిటయ్యా అంటే, "అంకుల్, జనం నిలబడి చదవరు," అన్నాడు. యాభై ఏళ్ళుగా నిలబడి చదివినవాణ్ణి నేను. నాతో అన్నాడా మాట.

బావకి మాత్రం ఆ పండగ నచ్చింది. బొమ్మలు కాదు, తాళం తీసి ఉండడం నచ్చింది. క్రేన్ల చుట్టూ జనం రాకుండా కట్టిన తాళ్ళు చూసి, "ఇవి ముడులా, ఏటివి?" అని అన్నీ విప్పి మళ్ళీ కట్టుకుంటూ పోయేవాడు. చూడడానికి వచ్చినవాళ్ళు అదీ ఒక ప్రదర్శన అనుకుని చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టారు. క్యూరేటర్ పరిగెత్తుకొచ్చి, ఇది రోజూ సాయంత్రం అయిదింటికి చేస్తారా అని అడిగాడు. "నాను కడతన్నాది ఎవులూ పడిపోకండా బాబూ," అన్నాడు బావ.

గేటు పక్క పెద్ద గోడ ఒక అమ్మాయికి ఇచ్చారు. ఎలమంచిలి పిల్ల. ఇక్కడే బొమ్మల చదువు చదివింది. ఆ గోడ మీద కార్మిక నాయకుడి ముఖం వేస్తానని బావని కూర్చోబెట్టి గంటల తరబడి గీసుకుంది. బావ వద్దనలేదు. మర్నాడు జుట్టు కత్తిరించుకుని, మీసానికి రంగేసుకుని వచ్చాడు. నేను చూసి నవ్వితే, "ఏటి నవ్వుతావు? గోడంత మొకం మీ వంశంలో ఎవులికైనా ఉన్నాదా?" అన్నాడు. ఆ పిల్ల పొద్దున్నే గోడని తడిగుడ్డతో తుడిచి పని మొదలుపెట్టేది. పోర్టు బొగ్గుపొడి రాత్రికి రాత్రే తెల్లరంగుని బూడిద చేసేది. నాలుగైదు రోజుల్లో ముఖం లేచింది. చెక్కినట్టు దవడ, నిప్పులాంటి కళ్ళు. నేను కిటికీలోంచి చూసిన ముఖం అది కాదు. అయినా చెప్పలేదు. బావ దాని కింద నిలబడి రోడ్డు వైపు చూసేవాడు. ఎందుకో నాకు తెలుసు. పాతవాళ్ళెవరైనా ఆగుతారేమో, పలకరిస్తారేమో అని. ఆయనకి కావలసింది గోడ మీద బొమ్మ కాదు, ఆ పలకరింపు.

ఒకావిడ ఆగింది. ఒకప్పుడు నూలు చుట్టే బాబిన్ల సెక్షన్లో పనిచేసిన మనిషి. ఇప్పుడు నెత్తిమీద చేపల గంపతో ఆ రోడ్డు వెంటే ఇళ్ళకి తిరిగి అమ్ముతుంది. గంప దించకుండానే తలెత్తి చూసింది.

"ఎవులు బొమ్మే ఇది? సెక్రట్రీదా?"

క్రేను మీదున్న పిల్ల సంతోషంగా "అవునమ్మా, బాగుందా?" అంది.

"దిగు కిందకి. ఓ గుంటా, నీకే! దిగు! రోజూ ఈ దారినే కదా ఎల్తాను నాను. ఈ మొకం రోజూ సూడాలా?"

జనం మూగారు. బావ ముందుకొచ్చాడు. ఆవిడ గంప దించి కింద పెట్టింది.

"బావా, నీకు సెప్పాలనుకున్నాను గానీ నీ కొట్టుకి రాబుద్ది కాలేదు. మా ఆయన ఆ దినం సెయ్యెత్తలేదు. నా పక్కనే ఉన్నాడు. 'వొద్దే, మూసీత్తారే' అన్నాడు. ఆడొక్కడేనా? మా ఎనకాలున్నోళ్ళు సగం మంది ఎత్తలేదు. ఒక్కపాలి ఎనక్కి తిరిగుంటే కనిపించును నీకు. ఒక్కపాలి! తాళం పడ్డాక ఆడు పనికని ఎక్కడెక్కడికో పోనాడు. తిరిగొచ్చినప్పుడు మడిసి కాడు. బేగినే పోనాడు. నువ్వేమో గోడెక్కినావు."

ఎవరో "పోనీలేయే, ముసలోడు" అన్నారు.

"ముసలోడయితే? మా ఆయన ముసలోడవ్వనే లేదు!"

గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. క్యూరేటర్ కుర్రాడు అంతసేపూ వీడియో తీస్తున్న ఫోను కిందకి దించి, "అంకుల్, ఇదే కావాలి మనకి. గోడ మాట్లాడుతోంది!" అన్నాడు. "గోడ కాదు బాబూ, ఆవిడ మాట్లాడింది. విన్నావా?" అన్నాను.

ఆ రోజు బావ అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల దగ్గరికి పోయాడు.

"అమ్మా, ఇది తీసీడానికి ఎంతసేపు పడతాది?"

ఆ పిల్లకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఎందుకు తాతగారూ, బాలేదా?"

"బాగున్నాది. నాకన్నా బాగున్నాది. అదే గొడవ."

"మరి ఆ గోడ ఖాళీగా వదిలేయమంటారా?"

బావ కొంచెంసేపు గేటు వైపు చూశాడు. "ఒగ్గీవొద్దు. నన్ను అటు తిప్పీ."

"తిప్పడమేంటి తాతగారూ?"

"గేటుకేసి తిప్పీ. ఆళ్ళకి నా ఈపే తెలుసు. మొకం నానెప్పుడు సూపించినాను?"

క్యూరేటర్ ఒప్పుకోలేదు. ముఖం ఉంటేనే జనం ఫొటోలు తీసుకుంటారన్నాడు, స్పాన్సర్లన్నాడు, ఇంకా ఏవో అన్నాడు. ఆ పిల్ల వాడి మాట పూర్తిగా విని, రోలరు తీసుకుని, ముఖం మీద అడ్డంగా తెల్లరంగు పూసేసింది. ఆ పండగ మొత్తంలో నాకు నచ్చిన బొమ్మ ఆ ఒక్క పూతే.

అప్పుడొక చిక్కు వచ్చింది. వీపు ఎలా వెయ్యాలి? పేపరువాళ్ళు తీసిన ఫొటోలన్నీ ఎప్పటివో, అవీ వేరే చోట్ల ముందునుంచి తీసినవి. ఇప్పటి వీపు వంగిపోయింది. ఆ పిల్ల నన్నడిగింది. నాకేం తెలుసు? నేను కిటికీలో ఉండేవాణ్ణి. బావనే అడిగింది. తన వీపు తనకి మాత్రం ఏం తెలుసు?

"సూసినోళ్ళని అడగాల," అన్నాడు బావ. "పద బామ్మర్దీ."

జాలర్ల వీధిలో ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాం. వాకిట్లో కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు, కూర్చోమనలేదు.

"ఏటి, బొమ్మ తీయించీసినావా?"

"మొకం తీయించీసినాను. ఆ గుంట ఈపు గీత్తాదంట. ఎలగుండేదో సెప్పడానికి నువ్వు రావాల."

"నీ ఈపు సెప్పడానికి నాను రావాలా?" అని పెద్దగా నవ్వింది. మంచి నవ్వు కాదు. "మీ బామ్మర్దున్నాడు కదా, సదువుకున్నోడు. ఆడు సెప్పడా?"

"ఈడెక్కడ సూసినాడు? ఈడు ఆపీసులో కూకున్నోడు."

ఆవిడ చేపలు ఏరుతూనే ఉంది. బావ అక్కడే నిలబడ్డాడు. ఎండ మండుతోంది. పైపంచె తీసి మెడ తుడుచుకుని, మళ్ళీ వేసుకుని, అప్పుడన్నాడు:

"మీ ఆయన సెయ్యెత్తలేదని నాకు నిన్ననే తెలిసిందని అనను. ఎనకోళ్ళు ఎత్తలేదని ఈడు ఆ దినమే సెప్పినాడు. మా ఇంటి అరుగు మీద సెప్పినాడు. నాను ఇన్లేదు."

ఇరవై ఏళ్ళకి పైగా ఆ మాట కోసం కాచుక్కూర్చున్నాను నేను. ఎలా అంటాడో, నేనేం జవాబిస్తానో, ఎన్ని విధాలుగానో రిహార్సల్ వేసుకున్నాను. తీరా అన్నప్పుడు అది నాకు చెప్పిన మాట కాదు. ఆవిడకి చెప్పిన మాట. నేను పక్కన నిలబడ్డ సాక్షిని, అంతే. వేసుకున్న జవాబులన్నీ వట్టివయిపోయాయి.

ఆవిడ మరో గుప్పెడు చేపలు ముందుకి లాక్కుంది. మేం వచ్చేశాం.

మర్నాడు ఎండ ముదిరాక గోడ దగ్గరికి వచ్చింది. ఒక్కతే కాదు. షెడ్డులో పనిచేసిన ముగ్గురు ముసలాళ్ళు కూడా వచ్చారు. బావ పలకరించబోతే ఒకాయన "ముందు పని కానీ," అన్నాడు. ఆ పిల్ల క్రేను మీద బొగ్గుముక్కతో గీస్తుంటే కిందనుంచి మొదలుపెట్టారు.

"కాలరంత పైకెందుకెట్టినావు? ఆ సొక్కా ఎప్పుడూ ఎనక్కి జారిపోయుండేది."

"కుడి బుజం దించు. ఇంకా. తాళ్ళు మోసి మోసి అలాగయిపోనాది."

"సెమట మరక ఏసినావా? నడుం మీద, ఇంత, దేశం పటం లాగ."

"జుత్తులో రెండు సుళ్ళుండాల."

"రెండు సుళ్ళేటి, పెళ్ళి ఒకటే కదా?"

"రెండోది యూనియన్ రా!"

నవ్వారు. బావ కూడా నవ్వాడు. చేత్తో తల వెనక తడుముకుని, "రెండున్నాయా?" అని నన్నడిగాడు. నేను చూశాను. ఉన్నాయి. ఇన్నేళ్ళ బావమరిదిని, నాకు తెలీదు.

ఆ చేపలావిడ అంతసేపూ మాట్లాడలేదు. పని అయిపోవచ్చిందనుకున్నప్పుడు, "ఎడం సెయ్యి తప్పు," అంది.

బొమ్మలో ఆ పిల్ల రెండు చేతులూ పైకెత్తి పెట్టింది. పిడికిళ్ళు.

"ఎడం సెయ్యి ఎనకాల ఎట్టుకునీవోడు. నడుం మీద. ఏళ్ళు వొణికేవి."

ఆ పిల్ల పైకెత్తిన ఎడం చేతిని గుడ్డతో చెరిపేసింది.

"వొణికేవా?" అన్నాడు బావ.

"వొణికేవి కావేటి? గేటు దగ్గిర నిలబడ్డ ప్రతిపాలీ వొణికేవి. మాకు తెల్దనుకున్నావా?"

బావ తన ఎడం చెయ్యి వంక చూసుకున్నాడు. "తెలిసీ ఎనకాలెలగొచ్చినారు?"

"అది సూసే కదా వొచ్చినాం," అందావిడ. తరవాత కొంగు బిగించుకుని, "నిన్ను ఒగ్గీసినాననుకోకు. బొమ్మ సరిగ్గుండాల గదా, అందుకు సెప్పినాను," అని వెళ్ళిపోయింది.

ఆ భయం నాకొక్కడికే తెలుసనుకున్నాను ఇన్నాళ్ళూ. కిటికీలోంచి చూసినవాడికే మనిషి కనిపిస్తాడని, వెనకాల నడిచేవాళ్ళకి జెండాయే తప్ప ఏమీ కనపడదని చాలా పుస్తకాలు చదివి స్థిరపరుచుకున్నాను. వాళ్ళకీ కనిపించింది. నాకన్నా ముందే కనిపించిందేమో.

బొమ్మ పూర్తయింది. పైనుంచి కిందదాకా గోడంత వీపు. జారిన కాలరు, దిగిన కుడి భుజం, చెమట మరక, నడుం మీద ఎడం చెయ్యి. ముఖం లేదు. క్యూరేటర్ దాని పక్కన బోర్డు పెడతానన్నాడు. ఏం రాయమంటారని నన్నే అడిగాడు. ఏమీ వద్దన్నాను. వాడికి ఒక గుణం ఉంది. రెండోసారి చెప్తే వింటాడు. ఆ గోడకి బోర్డు లేదు. ఇన్నాళ్ళూ వాణ్ణి తిట్టాను కాబట్టి ఈ సంగతి కూడా రాయాలి.

పండగ అయిపోయి క్రేన్లు వెళ్ళిపోయాక, బావ కొట్టుకి పాతవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. పెద్ద మాటలేం లేవు. మోకాళ్ళ నొప్పుల గురించి, మనవల చదువుల గురించి. ఒకాయన ప్లాస్టిక్ తాడు కొనుక్కుని, అది తెంపబోతే బావ తిట్టాడట. చేపలావిడ రాలేదు. బావ ఆ మాట నాతో ఒకసారి అన్నాడు. "అందరూ వొచ్చినారు బామ్మర్దీ," అన్నాడు. ఎవరు రాలేదో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ తరవాత కొన్ని నెలలకే ఆ మంగళవారం వచ్చింది. పాడె ఎత్తినప్పుడు ఆ ముసలాళ్ళు ముగ్గురూ ఉన్నారు. సాయిబు గారు కొట్టు మూసేసి శ్మశానం దాకా నడిచారు. దిగ్గజమని రాయించినవాళ్ళు కార్లలో వచ్చి, వీధి మలుపు దాకా నడిచి, మళ్ళీ కార్లెక్కారు. చేపలావిడ ఆ రోజూ కనపడలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు నేను ఒక్కణ్ణే కార్ఖానా రోడ్డుకి వెళ్ళాను. గేటుకి మళ్ళీ తాళం ఉంది. గోడ మీద బొగ్గుపొడి పేరుకుంది. తుడిచేవాళ్ళు లేక చొక్కా తెలుపు బూడిదరంగులోకి దిగింది. బావ వేసుకునే చొక్కాల రంగు అదే, ఇప్పుడే సరిగ్గా కుదిరింది. రోడ్డుకి ఇవతల టీకొట్టు బల్ల మీద కూర్చున్నాను.

మధ్యాహ్నం రెండు దాటాక ఆవిడ వచ్చింది. గంపలో చేపలు అయిపోయినట్టున్నాయి, తేలిగ్గా దించింది. అటూ ఇటూ చూడలేదు, పైకీ చూడలేదు. ఆ రోడ్డు మొత్తానికి నీడ ఉన్నది ఆ గోడ కిందే. కాళ్ళు చాపుకుని కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. నడుం నొప్పేమో, కాసేపు అటూ ఇటూ కదిలింది. తరవాత మెల్లగా వెనక్కి జరిగి, తన వీపు ఆ వీపుకి ఆనించి, కళ్ళు మూసుకుంది.